షార్ట్ ఫిల్మ్‌కి సౌండ్ డిజైన్ ఎలా నేర్చుకోవాలి? ఒక్క సీన్‌తో మొదలుపెట్టండి

మీడియా కోర్సులో చేరిన కొత్తలో నేను తీసిన మొదటి షార్ట్ ఫిల్మ్ నిడివి ఆరు నిమిషాలు. ఏ లెన్స్ వాడాలి, లైటు ఎటునుంచి పడాలి, షాట్లు ఎన్ని అని వారం రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. సౌండ్ సంగతి మాత్రం షూటింగ్ రోజు పొద్దున్నే గుర్తొచ్చింది. క్లాసులో వేసి చూపిస్తుంటే, అమ్మాయి ఏడుస్తున్న క్లోజప్ దగ్గర వెనక బెంచీ నుంచి ఎవరో "ఆ ఫ్యాన్ ఆపండ్రా బాబూ" అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. షాట్ మారినప్పుడల్లా సీలింగ్ ఫ్యాన్ హోరు వస్తోంది, పోతోంది. షూటింగ్ జరిగినంతసేపూ ఆ ఫ్యాన్ నా నెత్తి మీదే తిరిగింది. నాకసలు వినబడనే లేదు.

కొన్నాళ్లకు 1979లో వచ్చిన అపోకలిప్స్ నౌ చూశాను. దాని సౌండ్ వెనకున్న మనిషి వాల్టర్ మర్చ్. మొదట్లోనే హెలికాప్టర్ రెక్కల చప్పుడు, హోటల్ గదిలో తిరిగే సీలింగ్ ఫ్యాన్ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మంచం మీదున్న సైనికుడి ఒళ్లు గదిలో, మనసు యుద్ధంలో ఉన్నాయని మనకు తెలిసిపోతుంది. అక్కడా ఫ్యానే, నా సినిమాలోనూ ఫ్యానే. అక్కడిది ఒకరు కావాలని పెట్టింది. నాది దానంతటది వచ్చి పడింది. సౌండ్ డిజైన్ నేర్చుకోవడమంటే ఈ రెండింటి మధ్య దూరం దాటడమే అని నాకప్పుడు తట్టింది.

దానికి పెద్ద కథ అక్కర్లేదు, నిమిషంన్నర సీన్ ఒకటి చాలు. ఇది తీసుకోండి: ఒకామె రాత్రి పొద్దుపోయాక ఇంటికొస్తుంది. తాళం తీసి లోపలికి అడుగుపెడుతుంది. వంటింట్లో లైటు వెలుగుతోంది. పొద్దున తను ఆర్పేసే వెళ్లింది. "ఎవరది?" అంటుంది. అంతే, సీన్ అయిపోయింది. దీన్నే చివరిదాకా లాక్కెళ్దాం.

1. ముందు వారం రోజులు వినండి

రోజూ ఐదు నిమిషాలు ఒకచోట కళ్లు మూసుకుని కూర్చోండి. వినబడినవన్నీ తర్వాత నోట్‌బుక్‌లో రాయండి. మొదటి రోజు "బండి చప్పుడు, పిట్ట, ఎవరో మాట్లాడుతున్నారు" దగ్గరే ఆగిపోతారు. నాలుగో రోజుకి "దూరంగా బండి గేరు మార్చింది, ఆ చప్పుడు ఎదుటి గోడకు తగిలి తిరిగొచ్చింది" అని రాస్తారు. దూరం, దిశ, గది ఎంత పెద్దది, నేల గట్టిదా మెత్తదా అనేవి చెవికి తెలియడం మొదలైందన్నమాట.

దానితోపాటు మీకు బాగా నచ్చిన సినిమాలో రెండు నిమిషాల ముక్క తీసుకుని మూడుసార్లు చూడండి. ఒకసారి మామూలుగా, ఒకసారి స్క్రీన్‌కి వీపు పెట్టి వింటూ, ఒకసారి సౌండ్ మ్యూట్ చేసి. వింటున్నప్పుడు ఐదు గడులు గీసుకుని డైలాగ్, ఆంబియెన్స్, ఎఫెక్ట్స్, ఫోలీ, మ్యూజిక్ అని వాటిలో రాసుకోండి. ఆంబియెన్స్ అంటే ఆ చోటికి ఎప్పుడూ ఉండే చప్పుడు. ఫోలీ అంటే నటుల కదలికల చప్పుళ్లు: అడుగులు, బట్టల సరసర, చేతిలో వస్తువులు. చాలామంది ఫోలీ గడి ఖాళీగా వదిలేస్తారు. అది వినబడకుండా పనిచేస్తుంది కాబట్టే.

2. స్క్రిప్ట్‌లోనే సౌండ్ రాయండి

పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమవైపు ఏం కనబడుతుంది, కుడివైపు ఏం వినబడుతుంది. కుడివైపు రాసేముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇది ఎవరి చెవులతో వింటున్నాం? మన సీన్‌లో ఆమె చెవులతో. బయట వీధి సందడి, తాళంచెవుల గుత్తి గలగల. తలుపు మూసుకోగానే వీధి పలచబడిపోతుంది. లోపల ఫ్రిజ్ సన్నగా గుర్రుమంటోంది. రోజూ ఉండేదే కాబట్టి ఆమె పట్టించుకోదు, ప్రేక్షకుడూ పట్టించుకోడు. వంటింటి లైటు ఆమె కంటబడిన క్షణంలో ఆ ఫ్రిజ్ ఒక్కసారి వణికినట్టయి ఆగిపోతుంది.

ఫ్రిజ్ ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తుండదు. ఆగినప్పుడు మాత్రం అప్పటిదాకా ఉందని తెలుస్తుంది, గది ఇంకా ఖాళీ అయినట్టుంటుంది. భయపెట్టడానికి వయొలిన్లు కీచుమనిపించడం కన్నా నాకు ఇదే ఇష్టం. షూటింగ్‌కి ముందే రాసుకుంటే, ఆ ఆగిపోయే క్షణానికి ఆమె ముఖం మీద ఒక షాట్ కావాలని కూడా ముందే తెలుస్తుంది. ఎడిటింగ్‌లో తట్టిన ఐడియాకి షాట్ దొరక్క తల పట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

3. లొకేషన్‌ని చెవులతో చూడండి

షూట్ చేసే టైముకే వెళ్లండి. పగలు నిశ్శబ్దంగా ఉన్న ఇల్లు రాత్రి మోతెక్కిపోవచ్చు. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. "టప్" అని తెగిపోతే మంచి గది. ఖంగుమని సాగితే ఉత్త గోడలు, గచ్చు. అలాంటిచోట కెమెరాకు కనబడని వైపు దుప్పట్లు వేలాడదీయండి, కింద రగ్గు పరవండి. రికార్డయిన నాయిస్‌ని సాఫ్ట్‌వేర్‌లో ఎంతో కొంత తగ్గించొచ్చు కానీ, గొంతుకు అంటుకున్న గది ప్రతిధ్వనిని శుభ్రంగా విడదీయడం చాలా కష్టం.

ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ ఆపేయాలి. ఫ్రిజ్ మన సీన్‌లో ఉంది కదా అంటారేమో. టేకు మధ్యలో దానిష్టం వచ్చినప్పుడు ఆగుతూ మొదలవుతూ ఉంటే డైలాగ్ ముక్కలు ఒకదానితో ఒకటి అతకవు. అందుకే విడిగా రికార్డ్ చేసుకుని, మనకు కావలసినచోట పెట్టుకుంటాం. ఇంకో మాట: ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళాలు అందులో పెట్టేయండి. సౌండ్ వాళ్ల పాత చిట్కా ఇది. తాళాల కోసం ఫ్రిజ్ తెరవక తప్పదు, మళ్లీ ఆన్ చేయడం మరిచిపోరు.

4. రికార్డింగ్: మైకును దగ్గరికి తీసుకురండి

ఖరీదైన మైకు దూరంగా ఉండటం కన్నా మామూలు మైకు దగ్గరగా ఉండటం నయం. ఆరుబయట మైకు దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది. గదిలో అయితే ఇంకో చిక్కుంది. నోటి నుంచి నేరుగా వచ్చే గొంతు అలాగే తగ్గుతుంది, గోడల నుంచి వచ్చే ప్రతిధ్వని మాత్రం దాదాపు అంతే ఉంటుంది. దూరం జరిగేకొద్దీ మాట బావిలోంచి వస్తున్నట్టుండేది అందుకే. బూమ్ (మైకు తగిలించిన పొడుగు కర్ర) పట్టుకునేవాళ్లు ఫ్రేమ్ అంచు దాకా మైకును దించి, నటుడి ఛాతీ వైపు తిప్పి పట్టుకోవాలి. నోటికి అర మీటరు దూరంలో ఉంటే బాగుంటుంది. బూమ్ లేకపోతే లేపల్ మైకు, అంటే చొక్కాకు తగిలించే చిన్న మైకు. అదీ లేకపోతే, ఇంకో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి ఫ్రేమ్‌లో కనబడకుండా నటుడి దగ్గరే దాచండి. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మరవకండి.

సెట్టింగ్స్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. సీడీలకు 44.1 ఉండేది, వీడియోకి 48 వాడతారు. మాట్లాడుతున్నప్పుడు రికార్డర్‌లోని లెవెల్ మీటరు గరిష్ఠంగా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర తచ్చాడేలా చూసుకోండి. సున్నా తాకితే గొంతు చిట్లిపోతుంది, దాన్ని మళ్లీ అతకలేం. మన సీన్‌లో "ఎవరది?" అనేది గట్టిగా అరిచే మాటైతే, ఆ అరుపుతోనే లెవెల్ పెట్టుకోండి. మామూలు గొంతుతో రిహార్సల్ చేసి టేకులో కేక పెట్టడం నటులకు సహజం. రికార్డింగ్ లెవెల్‌ని దానంతటదే మార్చే ఆటో గెయిన్ ఆప్షన్ ఉంటే ఆపేయండి. మాటల మధ్య మౌనం రాగానే అది గది హోరును పైకి లేపేస్తుంది.

ఎవరో ఒకరు టేకంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఉండాలి. డైరెక్టర్ కాకపోతే మేలు, ఆయన టెన్షన్ ఆయనకుంటుంది. నా ఫ్యాన్ కథలో లేనిది సరిగ్గా ఈ మనిషే.

విడిగా రికార్డయిన సౌండ్‌ని తర్వాత బొమ్మతో కలపడానికి ప్రతి టేకు మొదట్లో క్లాప్ కొట్టండి. బోర్డు లేకపోతే చప్పట్లు చాలు, చేతులు కలవడం ఫ్రేమ్‌లో కనబడాలి. ఫోన్‌తో షూట్ చేస్తుంటే చివర్లో కూడా కొట్టండి. చాలా ఫోన్లలో ఫ్రేమ్ రేటు కాస్త అటూఇటూ అవుతుంది, పొడుగు టేకుల్లో సౌండ్ జారిపోయిందో లేదో రెండో క్లాప్ చెబుతుంది.

ప్యాకప్‌కి ముందు అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయండి. దీన్నే రూమ్ టోన్ అంటారు. అందరూ ఆకలి మీద ఉంటారు, విసుక్కుంటారు. అయినా వదలొద్దు. ఏ గది నిశ్శబ్దమూ పూర్తి సున్నా కాదు, అతుకుల మధ్య ఖాళీలు నింపడానికి ఆ గది నిశ్శబ్దమే కావాలి. ఆ తర్వాత ఫ్రిజ్ ఆన్ చేసి, అది గుర్రుమనడం, ఆగడం విడిగా పట్టుకోండి. ఆగేదాకా ఎదురుచూడాలి. నాకోసారి నలభై నిమిషాలు పట్టింది.

5. ఎడిటింగ్: మాట ముందు

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ ఆలోచించకండి. డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో ఫెయిర్‌లైట్ అని సౌండ్ పేజీ ఉంది, చాలు. ఉత్త సౌండ్ ముక్కలు కోసుకోవడానికి ఆడాసిటీ ఉంది, అదీ ఉచితమే.

క్లాప్‌తో సింక్ చేశాక డైలాగ్ ట్రాక్ ఒక్కటే వినండి. అతుకు ఉన్నచోటల్లా రెండు మూడు ఫ్రేముల క్రాస్‌ఫేడ్ (ఒక సౌండ్ తగ్గుతుంటే ఇంకోటి పెరగడం) వేసి, కింద రూమ్ టోన్ పరవండి. తర్వాత బొమ్మ కట్ అయినచోటే సౌండ్ కూడా కట్ అవ్వాలన్న అలవాటు మానుకోండి. వీధి షాట్ మీదే తాళం తిరిగిన చప్పుడు అర సెకను ముందు వినిపిస్తే, ప్రేక్షకుడు తలుపు దగ్గరికి ముందే చేరిపోతాడు. ఇలా సౌండ్ ముందొస్తే జె కట్, బొమ్మ మారాక కూడా పాత సౌండ్ సాగితే ఎల్ కట్.

6. ఫోలీ, ఎఫెక్ట్స్: ఒక తలుపుకి నాలుగు చప్పుళ్లు

సినిమాకు మాటలొచ్చిన కొత్తలో యూనివర్సల్ స్టూడియోలో జాక్ ఫోలీ అనే ఆయన తెర మీద బొమ్మ చూస్తూ, దానికి తగ్గట్టు అడుగులేస్తూ చప్పుళ్లు రికార్డ్ చేసేవాడు. ఆ పనికి ఆయన పేరే నిలిచిపోయింది. మీరూ అలాగే చేయండి. సీన్‌ను స్క్రీన్ మీద వేసుకుని, ఆమె వేసుకున్నలాంటి చెప్పులే తొడుక్కుని ఆమెతోపాటు నడవండి. లైబ్రరీ నుంచి తెచ్చిన అడుగులు బాగానే ఉంటాయి కానీ, వంటింటి లైటు చూశాక ఆమె తటపటాయించి వేసే అడుగు ఏ లైబ్రరీలోనూ దొరకదు.

ఫోలీలో నిజమైన వస్తువే వాడాలని రూలేం లేదు. కార్న్‌ఫ్లోర్ (మొక్కజొన్న గంజి పొడి) సంచీని నొక్కితే మంచులో నడిచినట్టుంటుంది. తోలు గ్లవ్స్‌ని ఆడిస్తే పక్షి రెక్కలు. కళ్లకు కనబడుతున్నదానితో సరిగ్గా కలిసి వస్తే చాలు, చెవి నమ్మేస్తుంది.

మన తలుపునే చూడండి. లొకేషన్‌లో రికార్డయిన తలుపు చప్పుడు ఉత్తగా, పలచగా ఉంటుంది. దాన్ని పొరలుగా కట్టండి. మొదట తాళంచెవి లోపలికి దూరే చిన్న గరగర. తర్వాత గడియ తిరిగిన క్లిక్, దీనికి పెన్ను నొక్కినా సరిపోవచ్చు. మూడోది కీచుమనే బందు, పాత కుర్చీ ఏదైనా దొరకకపోదు. నాలుగోది తలుపు మూసుకున్నప్పటి బరువు. దీనికి నేను లావుపాటి పుస్తకాన్ని బల్ల మీద పడేసి, ఆ రికార్డింగ్ పిచ్ కాస్త దించాను. నాలుగూ కలిపి విన్నాక బందు తీసేశాను. కీచుమంటే దెయ్యాల సినిమా అయిపోతోంది. ఇది మామూలు ఇల్లు, అందుకే లైటు వెలగడం భయంగా ఉంది.

ఫ్రీసౌండ్ లాంటి సైట్ల నుంచి తెచ్చుకునేవాటికి లైసెన్స్ చూసుకోండి. కొన్నిటికి టైటిల్స్‌లో పేరు వేయాలి, కొన్నిటిని డబ్బు వచ్చే పనులకు వాడకూడదు. ఏ ఫైలు ఎక్కడిదో తెచ్చుకున్న రోజే రాసిపెట్టుకోండి.

7. మ్యూజిక్

చివర్లో ఆలోచించండి. ముందు మ్యూజిక్ లేకుండా సీన్ నిలబడుతుందేమో చూడండి. మన సీన్‌కి అక్కర్లేదనే నా అభిప్రాయం.

8. మిక్సింగ్

మాటతో మొదలుపెట్టి, మిగతావన్నీ దాని చుట్టూ సర్దండి. డైలాగ్‌కి 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ వేస్తే కింది గుడగుడ పోతుంది, గొంతుకు పెద్దగా నష్టం ఉండదు. వినే వాల్యూమ్ ఒకసారి పెట్టాక మార్చకండి, మారిస్తే మీ చెవికి కొలత పోతుంది. టీవీకి ఇచ్చే పనులకు లౌడ్‌నెస్ లెక్కలున్నాయి: యూరప్ ప్రమాణం మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం సౌండ్ ఎంత బిగ్గరగా ఉందో చెప్పే కొలత), అమెరికాలో మైనస్ 24. ఫెస్టివల్‌కి పంపుతుంటే వాళ్ల నిబంధనలు చదవండి.

మర్నాడు పొద్దున ఫ్రెష్ చెవులతో వినండి. హెడ్‌ఫోన్స్‌లో, ల్యాప్‌టాప్‌లో, ఫోన్ స్పీకర్‌లో. మన ఫ్రిజ్ గుర్రు బాగా లోతుగా ఉంటే ఫోన్ స్పీకర్‌లో అసలు వినబడదు, దాంతో అది ఆగిపోవడమూ తెలియదు. పైన సన్నటి జుయ్‌మనే పొర ఒకటి కలపాల్సి వస్తుంది. కథ తెలియని ఒకరికి చూపించి, వాళ్ల ముఖం చూస్తూ కూర్చోండి. ఫ్రిజ్ ఆగినచోట ఊపిరి బిగబట్టారా లేదా, అంతే చూడాలి.

అయ్యాక ప్రాజెక్ట్ ఫైలును కాపీ చేసుకుని, బొమ్మలో ఒక్క ఫ్రేమ్ కూడా మార్చకుండా రెండో సౌండ్‌ట్రాక్ కట్టండి. ఈసారి ఆ లైటు కింద ఉన్నది ఆమెకు ఇష్టమైన మనిషి, చెప్పకుండా ఊరి నుంచి వచ్చారు. ఫ్రిజ్ ఆగదు. లోపలి నుంచి గిన్నెల చప్పుడు, కుళాయి నీళ్లు, ఎవరో సన్నగా కూనిరాగం తీస్తున్నారు. అదే ముఖం, అదే తటపటాయింపు. "ఎవరది?" అనే మాటను మాత్రం ఇంకో టేకు నుంచి తెచ్చుకోవాల్సి రావచ్చు, అందుకే షూటింగ్ రోజునే ఆమెతో రెండు రకాలుగా చెప్పించి పెట్టుకోండి.