సంగీతం చదువుతానంటే ఏ కాలేజీ చూడాలి: ఒక పాట టీచరు మాట

క్లాసు అయ్యాక చెప్పులు వేసుకోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డ తల్లిదండ్రుల్ని చూస్తే నాకు విషయం అర్థమైపోతుంది. "మా పిల్ల కాలేజీలో మ్యూజిక్ మేజర్ చేస్తానంటోంది టీచరుగారూ, మీరైనా కాస్త చెప్పండి" అంటారు. మేజర్ అంటే డిగ్రీలో ముఖ్యంగా చదివే సబ్జెక్టు. చెప్పమంటే వద్దని చెప్పమనే. నేను వద్దని చెప్పను. న్యూజెర్సీలో మా బేస్‌మెంట్‌లో ఏళ్ల తరబడి కర్ణాటక గాత్రం చెబుతున్నాను. మా అమ్మాయి ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో సంగీతం, బయాలజీ రెండూ చదివింది. కాబట్టి కాలేజీని ఎలా చూసుకోవాలో చెబుతాను. కావాలో వద్దో మీ ఇంట్లో తేల్చుకోండి.

లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే రకరకాల సబ్జెక్టులు కలిపి చదవనిచ్చే డిగ్రీ కాలేజీ. వీటిలో చాలావాటిలో అందరూ కలిపి రెండు మూడు వేల మందికి మించరు. పీజీ, పీహెచ్‌డీ వాళ్లు దాదాపు ఉండరు. అందుకని పాఠం చెప్పేది ప్రొఫెసరే, ఆర్కెస్ట్రాలో ముందు కుర్చీ దక్కేదీ డిగ్రీ పిల్లలకే. పెద్ద యూనివర్సిటీలో ఆ కుర్చీ చాలాసార్లు మాస్టర్స్ చేసేవాళ్లకి పోతుంది. డాక్టరు కావాలనుకునే పిల్ల కూడా సంగీతం మేజర్ చేయొచ్చు. మెడికల్ స్కూళ్లు బయాలజీ, కెమిస్ట్రీ లాంటి కొన్ని కోర్సులు, ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు అడుగుతాయి గానీ మేజర్ ఫలానాదే అయి తీరాలని అనవు. ఈ ఒక్క మాటకే సగం మంది నాన్నలకి టెన్షన్ తగ్గుతుంది.

ముందు తేల్చుకోవాల్సింది డిగ్రీ. బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్ అంటే దాదాపు మూడింట రెండు వంతులు సంగీతమే. బీఏలో సంగీతం మూడో వంతు, ఒక్కోచోట ఇంకా తక్కువ. రోజుకి నాలుగైదు గంటలు సాధన చేసే పిల్ల, చేయమని ఎవరూ చెప్పక్కర్లేని పిల్ల అయితే మొదటిది ఆలోచించండి. మిగతా అందరికీ బీఏ చాలు. పరువు కోసం మొదటిదాంట్లో చేర్చకండి.

రెండూ కావాలనుకునేవాళ్లకి కొన్ని చోట్లు ఉన్నాయి. ఒహాయోలోని ఒబర్లిన్‌లో కాలేజీ, 1865లో మొదలైన కన్సర్వేటరీ (సంగీత కళాశాల) ఒకే క్యాంపస్‌లో ఉంటాయి. ఐదేళ్లలో రెండు డిగ్రీలు చేయొచ్చు, కాకపోతే రెండు వైపులా విడివిడిగా సీటు రావాలి. విస్కాన్సిన్‌లో యాపిల్టన్ అనే ఊళ్లో ఉన్న లారెన్స్‌లోనూ ఐదేళ్ల పద్ధతి ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బార్డ్ కాలేజీ 2005లో పెట్టిన కన్సర్వేటరీ అయితే ఐదేళ్లు, సంగీతంతో పాటు ఇంకో సబ్జెక్టులో డిగ్రీ అనే పద్ధతి మీదే నడుస్తుంది. కాయిర్ (బృందగానం) ఇష్టమైన పిల్లలకి మిన్నెసోటాలోని సెయింట్ ఓలఫ్ చూడమంటాను. వాళ్ల కాయిర్ 1912 నుంచీ ఉంది, బీఏ, బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్ రెండూ ఇస్తారు. ఆమ్‌హర్స్ట్, విలియమ్స్, స్వార్త్‌మోర్‌లలో బీఏ ఒక్కటే.

మన పిల్లల విషయంలో కనెక్టికట్‌లోని వెస్లియన్ గురించి వేరుగా చెప్పాలి. పేరుకి యూనివర్సిటీ అయినా నడక లిబరల్ ఆర్ట్స్ కాలేజీదే. సంగీతంలో పీజీ కూడా ఉంది. 1960ల నుంచి అక్కడ కర్ణాటక సంగీతం క్లాసురూములో పాఠంగా నడుస్తోంది. మృదంగ విద్వాంసులు టి. రంగనాథన్, వేణువు విశ్వనాథన్ అన్నదమ్ములు, వాళ్ల అక్క, నర్తకి బాలసరస్వతి ముగ్గురూ అక్కడ పాఠాలు చెప్పినవాళ్లే. హిగ్గిన్స్ భాగవతార్ అని మనవాళ్లు పిలుచుకున్న జాన్ హిగ్గిన్స్ ఆ కాలేజీ విద్యార్థి. త్యాగరాజు తెలుగుని తిరువయ్యారు ఆరాధనలో పాడి మెప్పించాడాయన. ఏటా అక్కడ నవరాత్రి ఉత్సవం పేరుతో కచేరీలు జరుగుతాయి. కాలేజీ చూడ్డానికి వెళ్లేవాళ్లు ఆ రోజులు చూసుకుని వెళితే మంచిది. మిగతా చాలా చోట్ల మాత్రం కర్ణాటక గురువు ఉండరు. పాశ్చాత్య గాత్రమో, వయొలినో, పియానోనో నేర్చుకోవాల్సిందే. మన పాటకి వారాంతం ఆన్‌లైన్ క్లాసే గతి.

ఇక అసలు సంగతి. ర్యాంకు జాబితాలు పక్కన పెట్టేయండి. మీ పిల్ల వారానికోసారి ఒక గదిలో ఒక మనిషి ఎదురుగా కూర్చుని పాఠం నేర్చుకుంటుంది. ఆ మనిషి ఎవరన్నదే కాలేజీ.

డిపార్ట్‌మెంట్ పేజీలో చాలామంది ఫోటోలు ఉంటాయి. వాళ్లలో చాలామంది అడ్జంక్ట్‌లే: వేరే ఊళ్లో ఉంటూ వారానికి ఒక రోజు కారేసుకొచ్చి, పాఠాలు చెప్పి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లలో గొప్ప కళాకారులు ఉంటారు, దాన్ని తప్పుపట్టను. కానీ చిన్న కాలేజీలో ఒక వాద్యానికి సాధారణంగా ఒక్కరే టీచరు. ఆవిడతో కుదరకపోతే పక్క గదిలో ఇంకొకరు ఉండరు. ఆవిడ సబాటికల్ అనే పొడుగు సెలవు మీద వెళితే ఏడాదంతా ఎవరో తెలియని మనిషి. అందుకని ఈ నాలుగు మాటలూ మెయిల్‌లో సూటిగా అడగండి: ఈ టీచరు ఫుల్ టైమా, వచ్చే నాలుగేళ్లలో సెలవు మీద వెళ్లే ఆలోచన ఉందా, పాఠం ముప్పావుగంటా గంటా, దానికి కాలేజీ ఫీజు కాక వేరే ఫీజు ఉందా. చివరిది తప్పకుండా అడగండి. చాలా చోట్ల పాఠానికి సెమిస్టర్‌కి ఇంతని విడిగా కట్టాలి. మేజర్ పిల్లలకి మాఫీ చేసేవాళ్లూ ఉన్నారు, చెయ్యనివాళ్లూ ఉన్నారు.

తర్వాత ట్రయల్ లెసన్ అడగండి. అడిగితే చాలామంది ఇస్తారు. మెయిల్ పిల్లే రాయాలి. నాన్నగారు రాసిన మెయిల్ వాళ్లు ఇట్టే పసిగడతారు. మా అమ్మాయి వెళ్లినచోట గాత్రం టీచరు పాశ్చాత్య పాట సంగతి ఎత్తకుండా "మీ ఇంట్లో పాడేది పాడు" అందట. ఇది ఒక కృతి పల్లవి పాడుతుంటే ఆవిడ కాగితం మీద ఏమీ రాసుకోకుండా దీని దవడ, భుజాల వంకే చూసింది. పాట అయ్యాక మొదటి ప్రశ్న: "ఊపిరి ఎక్కడ తీసుకున్నావు?" మా అమ్మాయి చూపించింది, మాట విరగని చోట, తాళంలో ఖాళీ ఉన్న చోట. "ఇంకోలా తీసుకుని చూద్దామా" అని అదే పల్లవి ముక్కని మళ్లీ మళ్లీ పాడించింది. నేర్చుకున్నది మరిచిపొమ్మనలేదు. మా పిల్ల కారెక్కగానే "అమ్మా, ఇక్కడే" అంది. అలా కాక పాఠం సగం తన కచేరీల గురించే మాట్లాడే టీచరు తగిలితే, దణ్ణం పెట్టి వచ్చేయమని పిల్లకి చెప్పండి.

వెళ్లినరోజు టూర్ గైడు చూపించేది చూసి ఊరుకోవద్దు. రాత్రి తొమ్మిదికి ప్రాక్టీస్ రూముల దగ్గరికి వెళ్లండి. గదులు నిండి పిల్లలు వరండాలో కాచుకుని ఉన్నారా, ఖాళీగా ఉన్నాయా, పియానోలు శ్రుతిలో ఉన్నాయా చూస్తే డిపార్ట్‌మెంట్ సగం తెలిసిపోతుంది. అక్కడ కనిపించిన పిల్లల్ని పట్టుకుని, ఆఖరి ఏడాది సోలో కచేరీకి పక్కన పియానో వాయించేవాళ్ల డబ్బులు ఎవరిస్తారని అడగండి. పిల్లలు నిజం చెబుతారు.

అప్లికేషన్‌తో పంపే రికార్డింగ్ దగ్గర మనవాళ్లు చాలా మంచి పాటని చేజేతులా పాడు చేసుకుంటారు. బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్‌కి ముందు వీడియో, తర్వాత ఆడిషన్ ఉంటాయి, ఏం పాడాలో వాళ్లే రాస్తారు. బీఏకి చాలా చోట్ల ఆడిషన్ లేదు, ఆర్ట్స్ సప్లిమెంట్ అని రికార్డింగ్ పంపొచ్చు. అందులో కర్ణాటక పాట నిస్సంకోచంగా పంపండి. కానీ వినేవాళ్లకి కృతి ఎక్కడ అయిందో, పిల్ల అప్పటికప్పుడు అల్లిన స్వరం ఎక్కడ మొదలైందో తెలియదు. అంతా కంఠస్థం చేసిందే అనుకుంటారు. అందుకని వివరణ పెట్టెలో ఒక్క వాక్యం రాయండి: "ఇన్నో నిమిషం నుంచి పాడేది ముందే కట్టింది కాదు, ఈ రాగంలో, ఈ తాళంలో అప్పటికప్పుడు అల్లుతున్నది." మనోధర్మం అన్నది మన పిల్లల పెద్ద ఆస్తి, దాన్ని దాచిపెట్టి పంపుతున్నారు! తంబురా యాప్ వాల్యూమ్ తగ్గించండి, ఫోను మైకు దాన్నే పట్టుకుని గొంతుని మింగేస్తుంది. పట్టుచీర, వెనకాల దీపాలు అక్కర్లేదు.

డబ్బు సంగతి దాచేది లేదు. ఇలాంటి ప్రైవేటు కాలేజీల్లో చాలావాటిలో హాస్టలు, తిండితో కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటింది. అయితే అంత కట్టేవాళ్లు తక్కువ. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లోనూ సాయం పోను మీకు ఎంత పడుతుందో అంచనా చెప్పే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, 2011 నుంచి చట్టప్రకారం పెట్టాల్సిందే. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని పది కాలేజీలవి నింపేయండి. ఆమ్‌హర్స్ట్, విలియమ్స్ లాంటివి ఇంటి ఆదాయాన్ని బట్టే సాయం చేస్తాయి, ప్రతిభకని స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇంటికి అక్కడ తగ్గేది పెద్దగా ఉండదు. ఒబర్లిన్, లారెన్స్, సెయింట్ ఓలఫ్ సంగీతానికి స్కాలర్‌షిప్‌లు ఇస్తాయి. సాయం కోసం సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఆదాయ వివరాల ఫారం అడిగే కాలేజీల్లో కొన్ని మీ ఇంటి విలువ కూడా లెక్కలో వేస్తాయని గుర్తుంచుకోండి. ఒకే కాలేజీకి ముందుగా అప్లై చేసే ఎర్లీ డెసిషన్‌లో సీటు వస్తే, ఇచ్చిన సాయం సరిపోకపోతే తప్ప, చేరాల్సిందే, నాలుగు చోట్ల సాయం పోల్చుకునే వీలు పోతుంది. స్కాలర్‌షిప్ మీద ఆధారపడే ఇల్లయితే దాని జోలికి పోవద్దనే నా సలహా.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో నేరుగా రావాలనుకునే పిల్లలకి రెండు ముక్కలు. అడ్మిషన్ ఇచ్చేటప్పుడు విదేశీ విద్యార్థుల ఆర్థిక పరిస్థితి చూడని కాలేజీలు చాలా తక్కువ, ఆమ్‌హర్స్ట్ అందులో ఒకటి. ఇక ఉద్యోగం సంగతి: సంగీతం ఒక్కటే చదివితే చదువయ్యాక విదేశీ విద్యార్థులు పనిచేయడానికి ఇచ్చే అనుమతి (ఓపీటీ) 12 నెలలే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) డిగ్రీలకి ఉండే మరో 24 నెలల పొడిగింపు కావాలంటే కంప్యూటర్ సైన్స్ లాంటి రెండో మేజర్ ఉండాలి.

సీటొచ్చాక చేరేలోపు వేసవి ఒకటి మిగులుతుంది. దాన్ని పాశ్చాత్య సంగీతం థియరీకి వాడండి, ఎందుకంటే మన పిల్లలు మొదటి సెమిస్టర్‌లో తడబడేది అక్కడే. స్కేళ్లు వాళ్లకి కొత్త కాదు. మేజర్ స్కేలు శంకరాభరణం, హార్మోనిక్ మైనర్ కీరవాణి, డోరియన్ ఖరహరప్రియ, లిడియన్ కళ్యాణి, మిక్సోలిడియన్ హరికాంభోజి. ఏడు బీట్ల పాట వస్తే మిశ్రచాపు వేసుకుని కూర్చుంటారు, పక్కవాళ్లు వేళ్లు లెక్కపెట్టుకుంటుంటే. కష్టమంతా ఒకేసారి మోగే నాలుగు గొంతుల్లో కిందది విడిగా వినడంలో, దాన్ని కాగితం మీద రాయడంలో. రెండు గొంతులు సా, పా అంత దూరంలో ఉండి జంటగా ఒకే దిక్కుకి కదిలితే అక్కడ తప్పని ఎర్రసిరాతో గీస్తారు. మన తంబురా పొద్దస్తమానం మోగించేది ఆ సా-పాలనే మరి! చూసి పాడే పరీక్షలో ఇంకో చిక్కు: ఫ్రిజియన్ స్కేలు, అంటే మన తోడి, పాడమంటే పిల్ల గాంధారాన్ని అలవాటుగా ఊపేస్తుంది, ఊగే స్వరానికి మార్కు ఎక్కడ వేయాలో ప్రొఫెసర్‌కి తోచదు. గమకం లేకుండా నిలిపి పాడటం నెల రోజులు అలవాటు చేయించండి.

ఆ కాలేజీ వాళ్లు డో-రే-మీని (వాళ్ల సరిగమల్ని) ఏ పద్ధతిలో వాడతారో కూడా కనుక్కోండి. డో ఎక్కడైనా పెట్టుకునే పద్ధతి అయితే మన సా లాంటిదే, చిటికెలో వచ్చేస్తుంది. డో అంటే ఎప్పుడూ సి స్వరమే అనే పద్ధతి అయితే మన పిల్లలకి బుర్ర తిరుగుతుంది, కాస్త ముందు నుంచే మొదలుపెట్టాలి. కింది స్వరాలు రాసే బేస్ క్లెఫ్ చదవడం, రెండు చేతులతో కీబోర్డు మీద తేలికైన కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పట్టడం నేర్చుకుని వెళితే చాలు. దానికి ఖరీదైన పియానో కొనక్కర్లేదు. 61 కీల కీబోర్డు, పక్క వీధిలో పియానో చెప్పే టీచరు దగ్గర జూన్, జులై రెండు నెలల క్లాసులు సరిపోతాయి.