యాడర్లు సగమయ్యాయి, పవర్ మాత్రం కదల్లేదా?

ఎఫ్‌పీజీఏ (కావలసిన సర్క్యూట్‌గా మార్చుకోగల చిప్) మీద ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్‌ని (సిగ్నల్‌ని వడకట్టే డిజిటల్ సర్క్యూట్) మీరు జెనెటిక్ అల్గారిథమ్‌తో, అంటే తరతరాలుగా మంచి డిజైన్లను ఏరుకుంటూ, ఎవాల్వ్ చేశారు. మల్టిప్లయర్లు పోయి షిఫ్టులూ యాడర్లూ మిగిలాయి, యాడర్లు కూడా సగానికి సగం తగ్గాయి. పవర్ మాత్రం అక్కడే ఉంది. బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల ఫైనలియర్ ప్రాజెక్టులు చాలావరకు ఆగేది ఇక్కడే.

ముందు ఇది చూడండి

వివాడో (ఎఫ్‌పీజీఏ డిజైన్ టూల్) పవర్ రిపోర్టులో కాన్ఫిడెన్స్ లెవెల్ ‘లో’ (తక్కువ) అని ఉందా? అయితే ఆ అంకె మీ ఫిల్టర్‌ది కాదు. సిగ్నళ్లు ఎంత మారుతున్నాయో మీరు చెప్పలేదు కాబట్టి టూల్ తనంతట తనే 12.5 శాతం టాగుల్ రేటు వేసుకుంది. అసలు ఇన్‌పుట్‌తో పోస్ట్-ఇంప్లిమెంటేషన్ టైమింగ్ సిమ్యులేషన్ చేసి, దాన్నుంచి వచ్చే ఎస్‌ఏఐఎఫ్ ఫైలు (సిగ్నళ్లు ఎంత మారాయో రాసిన ఫైలు) టూల్‌కి ఇవ్వండి. బిహేవియరల్ సిమ్యులేషన్‌లో గ్లిచ్‌లు (క్షణకాలం వచ్చిపోయే అనవసర మార్పులు) కనపడవు. ఇది చూడకుండా ఫిట్‌నెస్ ఫార్ములా (డిజైన్లకి మార్కులు వేసే సూత్రం) మార్చుకుంటూ వారాలు గడిపేస్తారు, ఏం చెప్పాలి!

అసలు దొంగ

రిపోర్టు సరిగ్గానే ఉన్నా పవర్ తగ్గకపోతే, మీరు వాడుతున్న వర్చువల్ రీకాన్ఫిగరబుల్ సర్క్యూట్‌ని (సెలెక్ట్ బిట్లతో మార్చుకునే సర్క్యూట్) అనుమానించండి. అందులో ప్రతి బ్లాకులోనూ యాడర్, సబ్‌ట్రాక్టర్, షిఫ్టర్ పక్కపక్కనే ఉంటాయి. చివర్లో మక్స్ ఒకదాన్ని ఎంచుకుంటుంది. క్రోమోజోమ్ (అల్గారిథమ్ ఒక డిజైన్‌ని రాసుకునే బిట్ల వరస) మార్చేది ఆ సెలెక్ట్ బిట్లనూ, ఏ బ్లాకుకి ఏ ఇన్‌పుట్ అన్నదాన్నీ మాత్రమే. ఎంపిక కాని యాడర్‌కీ డేటా వెళ్తూనే ఉంటుంది, అదీ కూడుతూనే ఉంటుంది, ఆ ఫలితాన్ని మక్స్ పారేస్తుంది. పది కూరలు వండి ఒక్కటే వడ్డిస్తే గ్యాస్ ఆదా అవుతుందా? డైనమిక్ పవర్ స్విచింగ్‌ని బట్టి ఉంటుంది, క్రోమోజోమ్‌లో కనిపించే యాడర్ల లెక్కని బట్టి కాదు.

తేల్చుకోవడం తేలికే. అన్ని బ్లాకులూ బైపాస్‌లో ఉండే క్రోమోజోమ్ లోడ్ చేయండి. ఇన్‌పుట్ సున్నాకి కట్టి ఒకసారి, సిగ్నల్ ఇచ్చి ఒకసారి కోర్ సప్లై కరెంటు కొలవండి. ఏమీ లెక్కకట్టని ఈ ఫిల్టర్‌కీ దాదాపు మీ అసలు ఫిల్టర్‌కి వచ్చినంత తేడా వస్తే దొంగ దొరికినట్టే.

ఫిల్టర్ ఇక మారక్కర్లేదంటే, గెలిచిన క్రోమోజోమ్‌ని విడిగా వెరిలాగ్‌లో (హార్డ్‌వేర్ రాసే భాష) రాసి మళ్లీ సింథసిస్ చేయండి. మీరు పేపర్లో వేయాల్సిన అంకె అదే. పనిలో ఉండగానే మారాలంటే, వాడని యాడర్ల ఇన్‌పుట్లను సెలెక్ట్ బిట్‌తో యాండ్ చేసి సున్నాలో పెట్టండి. దానికీ ఎల్‌యూటీలు (చిప్‌లో లాజిక్ చేసే చిన్న పట్టికలు) ఖర్చవుతాయి, చిన్న బ్లాకులకి గిట్టుబాటు కాకపోవచ్చు.

యాడర్లు పొడుగ్గా గొలుసుకట్టి గ్లిచ్‌లు వస్తుంటే మధ్యలో రిజిస్టర్లు పెట్టండి, ఎల్‌యూటీ పక్కన ఫ్లిప్‌ఫ్లాప్ చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. ఐఐఆర్ (అవుట్‌పుట్‌ని మళ్లీ లోపలికి తెచ్చుకునే ఫిల్టర్) ఫీడ్‌బ్యాక్ లూపులో మాత్రం వద్దు, ఫిల్టరే మారిపోతుంది.

మిగతావి

మే నెలలో ఏసీ లేని ల్యాబ్‌లో మధ్యాహ్నం కొలిస్తే లీకేజీ (పని లేకున్నా కారే కరెంటు) పెరుగుతుంది. పొద్దున అంకెతో పోల్చకండి. ఇక 1996లో పరిశోధకుడు ఏడ్రియన్ థాంప్సన్ ఎక్స్‌సీ6216 అనే ఎఫ్‌పీజీఏ మీద ఎవాల్వ్ చేసిన సర్క్యూట్‌లా చిప్ ఫిజిక్సే కారణమేమో అని అడుగుతుంటారు. ఆ సర్క్యూట్‌కి క్లాకే లేదు. మీదానికి ఉంది కదా, వదిలేయండి.