పని ఒత్తిడి ముదరకముందే గుర్తుపట్టి, అదుపులో పెట్టుకోవడం ఎలా?

ఉదయం తొమ్మిదిన్నరకి బ్రాంచి ముందు స్కూటర్‌కి స్టాండు వేసి, తాళంచెవి చేతిలో పట్టుకుని, లోపలికి వెళ్ళకుండా దాని మీదే పది నిమిషాలు కూర్చుండిపోయేదాన్ని. సగం లేచిన షట్టరు కనిపిస్తే చాలు, కడుపులో మెలిపెట్టినట్టు ఉండేది. బ్యాంకు ఆఫీసరుగా అప్పటికి తొమ్మిదేళ్ల సర్వీసు నాది. ఏడాది లెక్కలు ముగించే మార్చి క్లోజింగులు ఎన్నో చూశాను. కానీ అది మార్చి కాదు, ఆగస్టు. పెద్ద పనేమీ మీద పడని నెలలో కూడా అలా ఉండడమేంటని నేను అప్పుడే ఆలోచించాల్సింది.

నాకు పనికొచ్చినవీ, డాక్టర్లు చెప్పినవీ వరసగా రాస్తున్నాను. ఉదాహరణలు బ్యాంకువి. మీది సాఫ్ట్‌వేరైనా, స్కూలైనా, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ అయినా చేయాల్సింది దాదాపు ఇదే.

1. మామూలు అలసటా, అంతకు మించిందా తేల్చుకోండి

పని ఎక్కువైతే టెన్షన్ రావడం సహజం. క్లోజింగ్ అయిపోయాక రెండు రోజులు కంటినిండా నిద్రపోతే మళ్ళీ మామూలు మనుషులమవుతాం. అది ఒత్తిడి. ఆదివారమంతా పడుకున్నా సోమవారం పొద్దున ఒళ్ళు లేవకపోతే, నెలల తరబడి ఇదే తంతు అయితే, బర్నౌట్ వైపు వెళ్తున్నట్టు లెక్క.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 అనే జబ్బుల వర్గీకరణలో బర్నౌట్‌ని జబ్బుగా కాక, సర్దుకోకుండా వదిలేసిన పని ఒత్తిడి వల్ల వచ్చే పరిస్థితిగా చెప్పింది. మూడు లక్షణాలు: ఓపికంతా అయిపోయినట్టుండడం, పని మీద విరక్తి కలిగి మనసు దూరమవడం, ఏం చేసినా సరిగ్గా చేయలేకపోతున్నామనిపించడం.

వీటిలో రెండోది మనకి మనం పట్టుకోవడం చాలా కష్టం. మా బ్రాంచికి ప్రతి నెలా ఒక పెద్దాయన వచ్చేవారు. ఓ రోజు "అమ్మా, పెన్షన్ పడిందో లేదో కాస్త చూడమ్మా" అని రెండోసారి అడిగారు. తలెత్తకుండానే "మెషీన్ దగ్గర ప్రింటు వేసుకోండి" అన్నాను. ఆయనకి మెషీన్ వాడడం రాదని నాకు తెలుసు. నెలనెలా చూసి చెప్పేది నేనే. ఆయన ఏమీ అనలేదు. పాస్‌బుక్‌ని మళ్ళీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దానికి రబ్బరుబ్యాండు రెండు చుట్లు వేసి, మెల్లగా వెళ్ళిపోయారు. ఇంతకుముందు ఓపిగ్గా మాట్లాడేవాళ్లతో ఇప్పుడు విసుక్కుంటున్నారా? అయితే మీ స్వభావం మారిపోయిందని బాధపడకండి. మీ ఓపిక అడుగంటిందని అర్థం చేసుకోండి.

2. రెండు వారాలు నోట్‌బుక్‌లో రాయండి

రోజూ రాత్రి మూడు లైన్లు చాలు. ఇవాళ ఎక్కడ ప్రాణం విసిగింది? అప్పుడు టైమెంత? ఒంట్లో ఏమనిపించింది? తలనొప్పి, మెడ పట్టేయడం, గుండెదడ, తిండి సహించకపోవడం, ఏదైనా సరే.

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ నా కళ్ళు తెరిపించింది ఇదే. కౌంటరు దగ్గర జనం వల్లే అలసిపోతున్నానని అనుకునేదాన్ని. రాసి చూసుకుంటే పద్నాలుగు రోజుల్లో తొమ్మిది రోజులు ఒకటే కారణం: రాత్రి ఎనిమిదిన్నర తర్వాత వాట్సాప్ గ్రూపులో వచ్చే "ఇవాళ్టి ఇన్సూరెన్స్ ఫిగర్ ఎంత?" అన్న మెసేజ్, అంటే ఆ రోజు మేం అమ్మిన ఇన్సూరెన్స్ లెక్క. జనంతో పని నాకు ఇష్టమే. ఆ లెక్కలే నా ప్రాణం తోడేస్తున్నాయి. ఫలానా కారణమని తేలనంత కాలం ఎన్ని ధ్యానాలు చేసినా ఊరట అంతంతమాత్రమే.

3. ఒకసారి డాక్టర్ని కలవండి

థైరాయిడ్ తక్కువైనా, రక్తహీనత ఉన్నా, విటమిన్ బి12 తగ్గినా, షుగర్ వచ్చినా ఇదే నీరసం ఉంటుంది. పరీక్షలు చేయించుకుంటే అనుమానం తీరుతుంది. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే మాత్రం టెన్షన్ వల్లేలే అని ఊరుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

4. పై అధికారితో కాగితం పెట్టుకుని మాట్లాడండి

నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, మనవాళ్లు ఎక్కువగా వాయిదా వేసేదీ ఇదే. "నా వల్ల కావట్లేదు సార్" అంటే ఆయన "అందరికీ ఉన్నదేగా అమ్మా" అంటారు. మాట అక్కడితో ఆగిపోతుంది.

అందుకని ముందు మీరు చేస్తున్న పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదానికి రోజుకి ఎంత టైము పడుతుందో పక్కన వేయండి. నాది కూడితే పదకొండు గంటలు తేలింది: బంగారం లోన్లు, రెన్యూవల్స్, మొండిబాకీల ఫోన్లు, క్యాష్ చెకింగ్, రిపోర్టులు. ఆ కాగితం మేనేజరు గారి ముందు పెట్టి అడిగాను: "సార్, ఇవన్నీ చేస్తాను. కానీ ఒక రోజులో అయ్యేవి కావు. ఏవి ముందు చెయ్యమంటారు? ఏది ఇంకొకరికి ఇవ్వొచ్చు?" ఆయన చాలాసేపు చూశారు. రెన్యూవల్స్ ఇంకొకరికి అప్పజెప్పారు. రాత్రి ఫిగర్లు మర్నాడు పది గంటలకి పంపడానికి ఒప్పుకున్నారు. మిగతావి అలాగే ఉన్నాయి. ఆ రెండు తగ్గినా ఊపిరాడింది.

ఉదయం పూట, కస్టమర్లు లేనప్పుడు, కోపం లేనప్పుడు మాట్లాడండి. ఒప్పుకున్నవాటిని "ఇందాక అనుకున్నట్టు" అని చిన్న మెయిల్ పెట్టండి.

5. పని ముగిసిందని మీ బుర్రకి తెలిసేలా చేయండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం వెలువరించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లలో పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని అందులో తేలింది. ఇంట్లో కూర్చుని ఫోన్లో చేసే పనిని కూడా మీ గంటల్లో కలిపి చూసుకోండి.

సీట్లోంచి లేచేముందు రేపు మొదట చేయాల్సిన పని ఒక్కటి రాసిపెట్టండి. మిగతాది రాత్రంతా తలలో తిరగకుండా ఉంటుంది. ఇంటికొచ్చాక ఆఫీసు గ్రూపుని మ్యూట్ చేయండి, నిజంగా అర్జెంటైతే ఫోన్ చేయమని చెప్పండి. లంచ్ బాక్స్ సీట్లో తినకండి. సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ మానండి, నిద్రలో తేడా తెలుస్తుంది. రోజూ అరగంట నడవండి.

6. ఇంట్లో నోరు తెరిచి చెప్పండి

ఉద్యోగం చేసే ఆడవాళ్లకి ఇంటికి రాగానే రెండో డ్యూటీ మొదలవుతుంది. వంట, పిల్లల హోంవర్కు, అత్తమామల మందులు. "ఏమైంది?" అంటే "ఏం లేదు" అనేయడం మనకి అలవాటు. ఆ మాట మానండి. "ఈ నెల రాత్రి వంట మీరు చూడండి" అని స్పష్టంగా అడగండి. మగవాళ్లు కూడా, సంపాదించేవాడు అలసిపోకూడదని లోపల దాచుకోకుండా, కనీసం ఒక్కరితో చెప్పుకోవాలి.

7. మనవల్ల కాదనిపిస్తే సాయం తీసుకోండి

రెండు వారాలకి మించి దిగులు వదలకపోయినా, నిద్ర పూర్తిగా చెడినా, మద్యం మీద ఆధారపడుతున్నా, చచ్చిపోతే బాగుండనిపించినా ఒక్కరోజు కూడా ఆగకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. అక్కడికి వెళ్తే ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో ఎంతోమంది ఆలస్యం చేస్తున్నారు, అది నాకు చాలా బాధగా ఉంటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు శరీరానికి వచ్చే జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలి. మీ పాలసీలో ఏముందో చదవండి.

8. ఆరు వారాలకి మళ్ళీ నోట్‌బుక్ తీయండి

ఇంకో వారం అవే మూడు లైన్లు రాసి, పాతవాటితో పోల్చండి. ఏమీ తగ్గకపోతే, పై అధికారి కూడా కదలకపోతే, ట్రాన్స్‌ఫర్ గురించో వేరే ఉద్యోగం గురించో ఆలోచించాల్సిందే. అయితే రాజీనామా మాత్రం అలసిపోయిన రాత్రి పదకొండింటికి టైప్ చేయకండి. ముందు వారం రోజులు సెలవు పెట్టండి. నోటీసు ఎన్నాళ్ళు, ఈఎమ్ఐలు ఎంత, చేతిలో ఎన్ని నెలల ఖర్చు ఉంది, ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా ఎప్పటిదాకా వర్తిస్తుంది అన్నవి చూసుకోండి. ఆ వారం బాగా నిద్రపోయి, ఓ ఉదయం ఇంట్లోవాళ్లతో కూర్చుని నిర్ణయం తీసుకోండి.