స్కాచ్, సిగార్ కలిపి కూర్చునేవాళ్ళకి నా పద్ధతి

ముందు ఒక గంట ఖాళీ చూసుకోండి, గంటంటే నిజంగానే గంట. రోబస్టో సైజు సిగార్ తీసుకుంటే అది 5 అంగుళాల పొడవు, 50 రింగ్ గేజ్ ఉంటుంది, అంటే అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 50 భాగాలంత మందం, పద్ధతిగా కాలిస్తే ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. మధ్యలో లేచి వెళ్ళాల్సిన పని ఉంటే ఆ రోజు వద్దు, ఇంకో రోజు పెట్టుకోండి.

కడుపు నిండా తిన్నాకే మొదలుపెట్టండి. ఒకసారి నేను పొద్దుట్నుంచి ఏమీ తినకుండా బాగా ఘాటుగా ఉండే నికరాగువా సిగార్ వెలిగించాను, సగం కూడా అవ్వలేదు, ఒళ్ళంతా చల్లటి చెమటలు, కళ్ళు తిరిగి అలాగే నేల మీద పడుకుండిపోయాను. అది నికోటిన్ దెబ్బ, పొగ మింగకపోయినా నోటి లోంచే ఎక్కుతుంది.

సిగార్ కొనేటప్పుడు వేళ్ళతో మెల్లగా నొక్కి చూడండి, కొంచెం అణిగి మళ్ళీ పైకి రావాలి, పటపటమంటే ఎండిపోయినట్టే. ఇంట్లో దాచాలంటే తేమ 65 నుంచి 70 శాతం ఉండాలి, దానికే హ్యూమిడార్ అనే తేమ పెట్టె.

ఇక కట్ చెయ్యడం, చాలామంది పాడుచేసేది ఇక్కడే. మూసి ఉన్న చివర టోపీలాగా చిన్న ఆకు ముక్క అతికించి ఉంటుంది, క్యాప్ అంటారు, వెలుతురులో పెట్టి తిప్పితే దాని అంచు సన్నటి గీతలాగా కనబడుతుంది. కట్టర్ ఆ గీతకి పైనే పడాలి, 2 మిల్లీమీటర్లు తెగితే చాలు. గీత దాటి కోశారంటే పైన చుట్టిన రేపర్ ఆకు విడిపోయి చివరిదాకా పెదాలకి అంటుకుంటూ చిరాకు పెడుతుంది. బ్లేడుని భయంభయంగా నొక్కకుండా ఒక్క ఊపులో దించేయండి.

వెలిగించడానికి బ్యూటేన్ లైటర్ గానీ పొడుగు అగ్గిపుల్ల గానీ వాడండి, పెట్రోల్ లైటర్, కొవ్వొత్తి వద్దు, ఆ వాసన సిగార్‌కి పట్టేస్తుంది. అగ్గిపుల్లయితే తల దగ్గరి మందు పూర్తిగా మండిపోయేదాకా ఆగాలి. మంట నేరుగా తగలనివ్వకుండా కొంచెం ఎడంగా పట్టుకుని, సిగార్ తిప్పుతూ అంచు చుట్టూ కాల్చండి, ఆ తర్వాతే నోట్లో పెట్టుకుని పీల్చండి. ఒకసారి నిప్పు మీద మెల్లగా ఊదితే ఎక్కడ అంటుకోలేదో నల్లగా కనబడుతుంది, అక్కడ మాత్రం ఇంకాస్త మంట చూపించండి.

దమ్ము నిమిషానికి ఒకటి చాలు. పొగ లోపలికి పీల్చొద్దు, నోట్లో ఉంచి వదిలేయడమే, గబగబా లాగితే సిగార్ వేడెక్కి చేదైపోతుంది. బూడిదని మాటిమాటికీ దులపకండి, అంగుళం దాకా ఉండనివ్వండి.

స్కాచ్ సంగతికొస్తే, స్కాట్లాండ్‌లో ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్ళు ఉండి, 40 శాతం ఆల్కహాల్‌కి తగ్గకుండా ఉన్నదే స్కాచ్. బాటిల్ మీద 12 అని ఉంటే అందులో కలిసిన వాటన్నిట్లో అతి చిన్నదాని వయసు 12 అని. నా లెక్క ఏంటంటే రెండింట్లో ఏదీ రెండోదాన్ని మింగెయ్యకూడదు. లేత రంగు కనెక్టికట్ రేపర్ ఉన్న మైల్డ్ సిగార్‌కి గ్లెన్‌లివెట్ 12 లాంటి తేలికపాటి స్పేసైడ్ (స్కాట్లాండ్‌లో ఒక ప్రాంతం) మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీతో చేసిన విస్కీ, నల్లటి మదురో సిగార్‌కి షెర్రీ అనే స్పెయిన్ వైన్ ఉంచిన పీపాల్లో ఊరిన గ్లెన్‌ఫార్‌క్లాస్ లాంటిది, ఎండు ద్రాక్ష లాంటి ఆ తీపి మదురోకి భలే కుదురుతుంది. ఐలా దీవి నుంచి వచ్చే ఆర్డ్‌బెగ్, లాఫ్రోయిగ్ లాంటివి పీట్ (బురద నేలల్లో తవ్వి తీసి కాల్చే మట్టి) పొగ వాసనతో ఉంటాయి, మైల్డ్ సిగార్ వాటి ముందు అసలు తెలియదు, అందుకే మొదటిసారికి అవి వద్దంటాను.

సిగార్ వెలిగించకముందే ఒక గుక్క తాగి విస్కీ రుచి నాలుకకి తెలియనివ్వండి. ఐస్ వేస్తే వాసన ముడుచుకుపోతుంది, దాని బదులు నాలుగు చుక్కల నీళ్ళు కలపండి, క్యాస్క్ స్ట్రెంత్, అంటే నీళ్ళు కలిపి పలచన చెయ్యకుండా పీపాలోంచి నేరుగా నింపినది అయితే ఇంకొంచెం ఎక్కువే. తర్వాత వరస ఇదీ: దమ్ము లాగి వదిలి, అర నిమిషం ఆగి, చిన్న గుక్క తీసుకుని నాలుక మీద కాసేపు ఉంచండి. పక్కన మంచినీళ్ళ గ్లాసు తప్పనిసరి. గంటకి ఒక్క పెగ్గే, అది సరిపోతుంది, రెండోది పోస్తే ఇక రుచి తెలియదు.

ఇంకోటి కూడా చెప్పాలి, సిగార్‌తో నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు నిజంగా ఉంది, మందు కలిస్తే అది ఇంకా పెరుగుతుంది, అందుకే నేను ఏడాదిలో రెండు మూడు సార్లకి మించి కూర్చోను, అదీ ఆరుబయట, పిల్లలకి దూరంగా, ఆ రోజు బండి తాళాలు ముట్టుకోను.

చివర్లో రెండంగుళాలు మిగిలేసరికి పొగ వేడిగా, ఘాటుగా మారుతుంది, అక్కడితో వదిలేయండి. సిగరెట్‌లా నలపకండి, కంపు కొడుతుంది, ఊరికే యాష్‌ట్రేలో పెడితే కాసేపట్లో అదే ఆరిపోతుంది.