నవల రాద్దాం, నాలుగో పాఠం: పెళ్లి తప్పనిసరి అయిన దేశంలో నవ్వు ఎక్కడ పుడుతుంది

మూడో పాఠం చివర మిమ్మల్ని ఒకే ఒక్క రూలు రాసి పెట్టుకోమన్నాను. మీ నవల్లోని దేశం పెళ్లి విషయంలో తన పౌరుల దగ్గర ఏం ఆశిస్తుంది, ఎప్పటిలోగా ఆశిస్తుంది, మాట వినకపోతే ఏం చేస్తుంది అన్నది. ఇంకా రాయకపోతే ఇక్కడే ఆగి రాసేయండి, ఈరోజు పనంతా దానిమీదే. మన పాఠాల కోసం నేను పెట్టుకున్న రూలు ఇది: ముప్పై ఐదు నిండేలోపు ప్రతి ఒక్కరూ జంటగా నమోదు కావాలి, కాకపోతే పేరు 'అసంపూర్ణుల' జాబితాలోకి వెళ్తుంది. అంతే. జైలు లేదు, ఉరి లేదు.

జైలు లేకపోతే భయం ఎక్కడినుంచి వస్తుందని చాలామందికి అనుమానం. డిస్టోపియా, అంటే మనుషులకు ఊపిరాడనివ్వని ఊహా రాజ్యం కథ, అనగానే ముళ్లకంచెలు, బూట్ల చప్పుళ్లు పెట్టేయాలనిపిస్తుంది కానీ, డార్క్ కామెడీలో, అంటే ఘోరమైన విషయం మీదే నవ్వు పుట్టించే కథలో, శిక్ష ఎంత చిన్నదైతే అంత లోతుగా దిగుతుంది. పాత గ్రీకు రచనల్లో స్పార్టా అనే గ్రీకు నగర రాజ్యం గురించి ఒక సంగతి ఉంది. పెళ్లి చేసుకోని మగవాళ్లను చలికాలంలో ఒంటిమీద బట్టల్లేకుండా సంత చుట్టూ నడిపించేవారట, నడుస్తున్నంతసేపూ వాళ్లమీద కట్టిన పాటను వాళ్లచేతే పాడించేవారట, 'చట్టం మాట వినలేదు, మాకిది తగిన శాస్తే' అన్నది ఆ పాట సారం. ఇందులో చలి పెద్ద విషయం కాదు, పాట. శిక్ష పడ్డవాడే గొంతెత్తి శిక్షను మెచ్చుకోవాలి. అక్కడిదే ఇంకోటి: డెర్కిలిదాస్ అని పేరుమోసిన సేనాని వస్తే ఒక కుర్రాడు లేచి చోటివ్వలేదట, పైగా 'రేపు నాకు లేచి చోటివ్వడానికి నువ్వు కొడుకును కనలేదుగా' అన్నాడట. మీ నవలకు ఈ సైజు హింస చాలు. ఒక కుర్చీ.

ఇప్పుడు గొంతు సంగతి. మీ రూలును జనానికి చెప్పేది ఎవరు, ఎలా చెబుతారు? మొదటి డ్రాఫ్టుల్లో మామూలుగా కనిపించేది ఒక అధికారి బల్ల గుద్ది, 'నువ్వు చట్టాన్ని ధిక్కరించావు, ఇరవై నాలుగ్గంటల్లో పెళ్లి చేసుకో, లేదంటే నీ అంతు చూస్తాం' అని అరవడం. ఇలా అరిచేవాడిని చూసి ఎవరికీ నవ్వు రాదు, పెద్దగా భయమూ వెయ్యదు, ఎందుకంటే వాడు దుర్మార్గుడని వాడే చెప్పేశాడు, పాఠకుడికి కనిపెట్టడానికి ఏమీ మిగల్చలేదు. అదే ప్రభుత్వం చేత ఒక మర్యాదైన ఉత్తరం రాయించండి:

"గౌరవనీయ పౌరురాలికి, మీ ముప్పై ఐదో పుట్టినరోజు దగ్గర పడుతున్న సందర్భంగా మా శాఖ తరఫున ముందస్తు శుభాకాంక్షలు. మీ ఇంట్లో రెండో కుర్చీ వాడకం లేకుండా ఉన్నట్టు మా దృష్టికి వచ్చింది. దానిని అవసరమున్న జంటకు అందజేసేందుకు మా సిబ్బంది మంగళవారం వస్తారు. ఆ సమయంలో మీరు ఇంట్లో ఉండనవసరం లేదు, తాళంచెవి మా దగ్గర ఉంది. కుర్చీ మీద దుమ్ము లేకుండా తుడిచి ఉంచితే సంతోషిస్తాం."

ఎక్కడ ఒళ్లు జలదరించిందో వెనక్కి వెళ్లి చూడండి. 'తాళంచెవి మా దగ్గర ఉంది' దగ్గర. ఆ ముక్కను నేను వాక్యం తోకలో, అదేదో వాళ్లు మనకు చేస్తున్న సాయంలా పడేశాను, ఆ వెంటనే దుమ్ము గురించి మాట్లాడాను. ఇది ఈ పాఠంలో మీరు చేతికి అలవాటు చేసుకోవాల్సిన పని: అన్నిటికంటే ఘోరమైన విషయాన్ని వాక్యానికి అసలు కర్తగా నిలబెట్టకండి, ఏదో ఒక చిన్న సౌకర్యం పక్కన ఒదిగేలా పెట్టి, దాని మీదుగా ఇంకో పనికిమాలిన వివరంలోకి వెళ్లిపోండి. మీరు ఆగితే పాఠకుడు ఆగడు. మీరు ఆగకుండా పోతేనే అతను 'ఏంటీ?' అని వెనక్కి వస్తాడు.

రూలుకు కారణం కూడా కావాలి, అది చప్పగా ఉండాలి. జాతి పవిత్రత, మానవజాతి భవిష్యత్తు లాంటి పెద్ద మాటలు ఉపన్యాసాల్లో వాడుకోనివ్వండి, అసలు కారణం మాత్రం ఖజానాలో ఉంటే కథ నమ్మేలా ఉంటుంది. ఇంగ్లండ్ 1695లో పాతికేళ్లు దాటిన బ్రహ్మచారుల మీద పన్ను వేసింది. ఎందుకయ్యా అంటే ఫ్రాన్స్‌తో జరుగుతున్న యుద్ధానికి డబ్బు కావాలి. 1927లో నియంత ముస్సోలినీ ఇటలీలో బ్రహ్మచారుల మీద వేసిన పన్నుకు జనాభా పెంచాలన్న గొప్ప ఆశయం ఉండేది, అయినా వసూలు చేసేది రసీదు పుస్తకం పట్టుకున్న ఒక మామూలు గుమాస్తాయే కదా. మీ నవలకు ఆ ఆశయం కన్నా ఆ గుమాస్తా ఎక్కువ పనికొస్తాడు.

ఇక అసలు రుచి ఎక్కడుందంటే, చట్టం చేసేవాళ్ల దగ్గర, దాన్ని తప్పించుకునేవాళ్ల దగ్గర. ఇక్కడ రోమ్‌ను మించిన గురువు లేదు. అగస్టస్ చక్రవర్తి క్రీ.పూ. 18లో ఒకసారి, క్రీ.శ. 9లో మరోసారి పెళ్లి చట్టాలు తెచ్చాడు. పాతికకూ అరవైకీ మధ్య మగవాళ్లు, ఇరవైకీ యాభైకీ మధ్య ఆడవాళ్లు పెళ్లి లేకుండా ఉంటే, దగ్గరి బంధువులు కానివాళ్లు వీలునామాలో రాసిచ్చిన ఆస్తి వాళ్లకు దక్కదు. రెండో చట్టాన్ని ఆయన హయాంలో ప్రవేశపెట్టిన ఇద్దరు కాన్సుల్‌ల (రోమ్‌లో అత్యున్నత అధికారుల) పేరుమీద దాన్ని పాపియా పొప్పయా చట్టం అంటారు. ఆ ఇద్దరికీ పెళ్లి కాలేదు. నవల్లో ఇలా రాస్తే 'మరీ అతిగా ఉంది' అని మనమే కొట్టేస్తాం, చరిత్రకు ఆ మొహమాటం లేదు.

జనం తక్కువ తిన్నారా? పెళ్లి చేసుకోకుండానే పెళ్లయినవాళ్ల లాభాలు పొందడానికి కొందరు మగవాళ్లు పసిపిల్లలతో నిశ్చితార్థాలు చేసుకుని కూర్చున్నారు, నిశ్చితార్థం ఇన్నేళ్లకు మించి సాగకూడదని అగస్టస్ ఇంకో నిబంధన తేవాల్సి వచ్చింది. ముగ్గురు పిల్లలున్నవాళ్లకు దక్కే హక్కులు కొన్ని ఉండేవి, కొన్నాళ్లకు వాటిని పిల్లల్లేనివాళ్లకు కూడా చక్రవర్తి దయతో ఇవ్వడం మొదలైంది. రచయిత ప్లినీకి పిల్లల్లేరు, ట్రాజన్ చక్రవర్తి ఆయనకు 'ముగ్గురు పిల్లల హక్కు' దయచేశాడు. లేని ముగ్గురు పిల్లలకు తండ్రిగా గుర్తింపు! మీ రూలు పక్కన ఇప్పుడే రాసుకోండి: దీన్ని ఎవరు మోసం చేస్తారు, ఆ మోసం మీద ఎవరు వ్యాపారం చేస్తారు, ఎవరికి పైనుంచి మినహాయింపు వస్తుంది. ఈ మూడింటికి జవాబులు దొరికితే మీ దేశంలో మనుషులు తిరగడం మొదలైనట్టే.

పోలీసుల్ని మాత్రం దూరంగా ఉంచండి. ఈ చట్టాన్ని అమలు చేసేది కథానాయిక మంచి కోరేవాళ్లు: పక్క సీటు సహోద్యోగి, పెళ్లయి నెల తిరక్కుండానే సలహాలిచ్చే స్నేహితురాలు, ముఖ్యంగా కన్నతల్లి. తల్లి తిట్టకూడదు. కూతురి పేరు జాబితాలోకి వెళ్లకుండా ఉండాలని ఆవిడకు రాత్రిళ్లు నిద్ర పట్టదు, ఆ టెన్షన్ నిజం, ఆ ప్రేమ కూడా నిజమే, అందుకే కూతురు ఎదురు చెప్పలేకపోతుంది.

కథానాయికను తిరుగుబాటుదారుగా మొదలెట్టొద్దని కూడా చెప్పాలి. మొదటి పేజీలోనే వ్యవస్థను ఛీ అనేసిన మనిషికి మూడొందల పేజీల్లో చేయాల్సిందేమీ ఉండదు. ఆమెకు ఇమిడిపోవాలనే ఉండాలి. జంటలకు ఇచ్చే బ్యాడ్జీ తన జాకెట్ మీద ఎలా ఉంటుందో అద్దం ముందు ఒకసారి ఊహించుకుని ఉండాలి. గడువు ముంచుకొచ్చి, తనలాగే ఇరుక్కున్న ఒక అపరిచితుడితో కాగితం మీద పెళ్లి చేసుకుంటుంది. ఆ తర్వాత తనిఖీ వస్తుంది, వచ్చే ఇన్‌స్పెక్టర్ పోలీసు కాదు, ఆ ఉత్తరం రాసిన శాఖ మనిషే. ఈ దేశంలో పోట్లాట లేని కాపురం అనుమానాస్పదం కాబట్టి, వాళ్లిద్దరూ ముందురాత్రి కూర్చుని ఒక పోట్లాటను బట్టీపడతారు.

"ఆఖరిసారి ఎప్పుడు గొడవపడ్డారు?" పెన్ను మూత తీస్తూ అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"ఆదివారం," అన్నాడతను.

"శనివారం," అంది ఆమె, సరిగ్గా అదే క్షణంలో.

ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. "రోజు విషయంలో ఏకాభిప్రాయం లేదు. మంచిది. దేని గురించి?"

"తలుపు గురించి. తను గట్టిగా వేస్తుంది."

"నేను గట్టిగా వెయ్యను."

"వేస్తావు. రోజూ వేస్తావు."

"ఎప్పుడు వేశాను?" ఈ మాట రాత్రి అనుకున్నవాటిలో లేదు. "నువ్వు నిద్రపోతావని చెప్పులు కూడా చేత్తో పట్టుకుని లోపలికొస్తాను, తెలుసా నీకు?"

అతనికి తెలియదు. ఇన్‌స్పెక్టర్ సంతోషంగా రెండో పేజీ తిప్పాడు.

ఈ చిన్న సీన్లో నవలంతా ఉంది. అబద్ధపు గొడవలోంచి నిజం గొడవ వచ్చింది, గొడవలోంచి ఆమె చెప్పకుండా దాచుకున్న ఒక మంచితనం బయటపడింది, దాన్ని ప్రభుత్వం తన ఫారంలో మార్కులుగా వేసుకుంది. వీళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం పుడితే అది వాళ్ల గెలుపా, చట్టం గెలుపా? దీనికి మీరు జవాబు చెప్పకండి, పాత్రల చేత కూడా చెప్పించకండి. నవ్వు కోసం నేను ఒక్క జోకు కూడా వాడలేదని గమనించారా, ముగ్గురూ పూర్తి సీరియస్‌గానే ఉన్నారు. ఎవరైనా ఒక్కరు చమత్కారంగా మాట్లాడి ఉంటే సీను అక్కడికక్కడే చచ్చేది.

ఈ వారం పని: మీ రూలు ప్రకారం ఒక తనిఖీ సీను రాయండి, రెండు మూడు పేజీలు చాలు. తనిఖీకి వచ్చినవాడు మంచివాడై ఉండాలి, తన పని మీద శ్రద్ధ ఉన్నవాడై ఉండాలి. ఇంట్లోవాళ్లు ముందే తయారుచేసుకున్న అబద్ధం ఒకటి ఉండాలి, అది ఎక్కడో ఒకచోట వాళ్ల చెయ్యి దాటి నిజం అయిపోవాలి. ఆ మలుపు దగ్గర 'ఆమె కళ్లు చెమర్చాయి', 'అతను నిర్ఘాంతపోయాడు' లాంటివి పడి ఉంటే తీసేయండి, ఆశ్చర్యార్థకాలు కూడా తీసేయండి. తర్వాత ఇన్‌స్పెక్టర్ మాటలు మాత్రమే విడిగా ఒక కాగితం మీదకు ఎత్తి పైకి చదవండి. వాటిలో ఒక్కటి కూడా కటువుగా వినిపించకూడదు. వినిపిస్తే ఆ మాటను మార్చి, ఐదో పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, అదే ఇన్‌స్పెక్టర్‌ను ఈసారి తన సొంత ఇంటికి పంపిస్తాం.