డ్రిల్ యంత్రంలో అరిగిన కార్బన్ బ్రష్‌లను మార్చడం ఎలా?

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజునే డ్రిల్ యంత్రం గుర్తుకు రావడం విశాఖపట్నంలో చాలా ఇళ్లలో జరిగేదే. కిటికీ రెక్కకు గడియ బిగించాలి, మేడ మీది రేకుకు మరో రెండు స్క్రూలు వేయాలి. తీరా అటక మీది నుంచి దించిన డ్రిల్లు స్విచ్ నొక్కితే ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు, పక్కన అరచేత్తో తడితే మళ్లీ తిరుగుతుంది. నా 13 మిల్లీమీటర్ల డ్రిల్లు ఇలాగే మొరాయించినప్పుడు ఒక మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్తే, విప్పి చూడకుండానే మోటారు మధ్యలో తిరిగే ఆర్మేచర్ కాలిపోయిందనీ, కొత్తది కొనుక్కోవడం మేలనీ చెప్పారు. ఇంటికి తెచ్చి విప్పితే ఆర్మేచర్ నిక్షేపంగా ఉంది. రెండు కార్బన్ బ్రష్‌లలో ఒకటి మాత్రం చింతగింజంత మిగిలింది. కొత్త జత ధర ఆ దుకాణానికి వెళ్లివచ్చిన ఆటో ఖర్చు కంటే తక్కువే అయింది.

ప్లగ్గు పెట్టి నడిపే డ్రిల్లులో సాధారణంగా మిక్సీలో ఉండే రకం మోటారే, అంటే యూనివర్సల్ మోటారే ఉంటుంది. అందులో కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిల్‌కూ, మధ్యలో తిరిగే ఆర్మేచర్‌కూ కరెంటు ఒకే వరుసలో అందాలి. తిరిగే భాగానికి తీగను నేరుగా కలపలేము కాబట్టి, ఆర్మేచర్ ఒక చివర సన్నని రాగి పలకలను గుండ్రంగా పేర్చి కమ్యుటేటర్ అనే భాగాన్ని అమరుస్తారు. దాని మీద రెండు వైపుల నుంచి రెండు కార్బన్ ముక్కలు స్ప్రింగుల ఒత్తిడితో ఆనుకొని కరెంటును లోపలికి పంపుతాయి. వాటిని బ్రష్‌లని పిలవడానికి కారణం తొలినాటి డైనమోలలో నిజంగానే రాగి తీగల కుచ్చులను వాడడం. జార్జ్ ఫోర్బ్స్ 1885లో కార్బన్ ముక్కలకు పేటెంటు తీసుకున్నారు. తరువాత కుచ్చులు పోయాయి గాని పేరు నిలిచిపోయింది. కార్బన్ రాగి కంటే మెత్తన. రాపిడి జరిగినప్పుడు ఖరీదైన రాగి అరగకుండా చవకైన కార్బన్ అరగాలన్నదే ఆ ఏర్పాటు. కాబట్టి బ్రష్ అరగడం లోపం కాదు. అది ఎలా అరిగిందో చూడకుండా కొత్తది పెట్టేయడమే అసలు పొరపాటు.

ముందుగా గుర్తించవలసినవి

డ్రిల్లు వెనుక భాగంలోని గాలి కంతల గుండా చూసినప్పుడు కొద్దిపాటి నీలి మెరుపులు కనిపించడం సహజమే. ఆ మెరుపులు పెద్దవై పసుపు రంగుకు తిరగడం, బలం తగ్గడం, తిరుగుతూ తిరుగుతూ ఆగిపోవడం, తడితే మళ్లీ తిరగడం బ్రష్‌ల అరుగుదలకు గుర్తులు. కొన్ని రకాల బ్రష్‌లలో, అరుగుదల హద్దు దాటగానే లోపలి చిన్న స్ప్రింగు ఒక పుల్లను బయటకు నెట్టి బ్రష్‌ను కమ్యుటేటర్ నుంచి పైకి లేపేస్తుంది; అటువంటి డ్రిల్లు ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా ఆగిపోతుంది. అది మోటారును కాపాడే ఏర్పాటే కాని, తెలియనివారు డ్రిల్లు చచ్చిపోయిందనుకొని పాత సామాన్లవాడికి వేసేస్తారు.

అయితే డ్రిల్లు ఆగిన ప్రతిసారీ తప్పు బ్రష్‌దే కాదు. తీగను పిడి దగ్గర అటూ ఇటూ వంచినప్పుడు డ్రిల్లు తిరిగి ఆగుతుంటే, లోపల తీగ తెగి ఉంటుంది. వార్నిష్ కాలిన ఘాటు వాసన వచ్చి, కమ్యుటేటర్ చుట్టూ నిప్పు వలయంలా మెరుపులు తిరుగుతుంటే వైండింగ్, అంటే మోటారులో చుట్టిన రాగి తీగ, షార్టయి ఉంటుంది. అప్పుడు కొత్త బ్రష్‌లు పెట్టినా కొద్ది నిమిషాలలో పాడవుతాయి. బ్యాటరీతో నడిచే డ్రిల్లు మీద బ్రష్‌లెస్ అని రాసి ఉంటే అందులో మార్చడానికి బ్రష్‌లే ఉండవు.

సరైన జతను తెచ్చుకోవడం

పాత బ్రష్‌ను తీసి, దుకాణానికి వెంట తీసుకువెళ్లడమే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. డ్రిల్లు కంపెనీ పేరు ఒక్కటే చెబితే చాలదు, ఎందుకంటే ఒకే కంపెనీ వేర్వేరు మోడళ్లకు వేర్వేరు కొలతల బ్రష్‌లు వాడుతుంది. డ్రిల్లు మీది పలకపై ఉన్న మోడల్ సంఖ్యను, బ్రష్ పక్కన అచ్చువేసిన సంఖ్య ఉంటే దానిని కూడా రాసుకోండి. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ దుకాణాలలోగాని, గాజువాక ఆటోనగర్ వైపు మోటారు వైండింగ్ చేసేవారి దగ్గరగాని అడగవచ్చు. "కార్బన్లు ఒక జత" అంటే వారికి అర్థమవుతుంది.

మందం, వెడల్పు రెండూ పాతదానితో సరిపోవాలి. పొడవు మాత్రం కొత్తదానికి ఎక్కువే ఉంటుంది. బ్రష్ వెనుక ఉండే ఇత్తడి రేకు ఆకారం, స్ప్రింగు పొడవు, స్ప్రింగు లోపల మెలితిరిగిన రాగి తీగ ఉన్నదీ లేనిదీ పోల్చి చూడండి. రాగి తీగ ఉండవలసిన చోట లేకపోతే కరెంటంతా స్ప్రింగు గుండా పోయి, అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. కొంచెం పెద్ద బ్రష్‌ను గరుకు కాగితం మీద రుద్ది సరిపెట్టవచ్చని దుకాణదారు చెప్పవచ్చు. వేరే దారి లేనప్పుడు పలుచగా రుద్దడం కుదురుతుందేమో గాని, నేను దానిని సిఫారసు చేయను: పక్కలు వంకరగా అరిగిన బ్రష్ గూటిలో ఊగుతుంది, ఊగే బ్రష్ కమ్యుటేటర్‌ను చెడగొడుతుంది. పైగా కార్బన్‌లోనూ గట్టివి, మెత్తవి ఉన్నాయి. మరీ గట్టి రకం రాగినే అరగదీస్తుంది. ఎప్పుడూ జతగానే కొనండి, జతగానే మార్చండి.

విప్పడం

మొదట ప్లగ్గు తీయండి. గోడ దగ్గర స్విచ్ ఆపడంతో సరిపెట్టక, తీసిన ప్లగ్గును కళ్ల ముందే బల్ల మీద పెట్టుకోండి. డ్రిల్లు వేడిగా ఉంటే చల్లారనివ్వండి. బిట్టును తీసేసి, కింద పాత వార్తాపత్రిక పరచి, విప్పిన స్క్రూల కోసం ఒక పళ్లెం పెట్టుకోండి.

మోటారు ఉన్న భాగానికి రెండు పక్కలా, ఎదురెదురుగా, మధ్యలో గీత ఉన్న నల్లని గుండ్రటి మూతలు కనిపిస్తే పని అయిదు నిమిషాలలో ముగుస్తుంది. గీతకు సరిగ్గా సరిపోయే మైనస్ స్క్రూడ్రైవర్‌తో ఒక మూతను నెమ్మదిగా తిప్పండి. సన్నటి స్క్రూడ్రైవర్ వాడితే ప్లాస్టిక్ చిట్లుతుంది. మూత కింద స్ప్రింగు ఒత్తిడి ఉంటుంది కాబట్టి చివరి చుట్టులో బొటనవేలు అడ్డుపెట్టండి, లేకపోతే అది ఎగిరి మంచం కిందికి చేరుతుంది. ఇత్తడి రేకును పట్టుకొని బ్రష్‌ను బయటకు లాగండి. ఒక వైపు పని ముగించాకే రెండో వైపు విప్పడం మంచి అలవాటు.

మూతలు కనిపించకపోతే డ్రిల్లు పెంకు విప్పవలసి ఉంటుంది. కొన్నిటికి వెనుక తొడుగు ఒక్కటే ఊడుతుంది. ఎక్కువ వాటికి పెంకు నిలువుగా రెండు చెక్కలుగా విడుతుంది. స్క్రూలు ఆరు మూలల నక్షత్రపు తలతో ఉంటే అందుకు తగిన టార్క్స్ బిట్టే వాడాలి. డ్రిల్లును బల్ల మీద పడుకోబెట్టి, పై చెక్కను మాత్రమే ఎత్తి, ఏ తీగ ఏ కాలువలో ఉందో ఫోన్‌తో ఫోటో తీయండి. తిరిగి బిగించేటప్పుడు ఒక తీగ పెంకు అంచుల మధ్య నలిగితే తొలి నొక్కుడుకే షార్టవుతుంది కాబట్టి ఈ ఫోటోను తేలికగా తీసుకోవద్దు. ముందువైపు గ్రీజు పూసిన గేర్లను కదిలించకండి. ఇక్కడ బ్రష్‌లు ఇత్తడి గూళ్లలో ఉంటాయి. పైన చుట్ట స్ప్రింగు తోకను సన్నని కొక్కెంతో పక్కకు తప్పించి, బ్రష్‌ను జార్చి, దాని తీగ కొసను ఊడదీయాలి.

అరుగుదలను చదవడం

ఇదే ఓపికగా చేయవలసిన భాగం. రెండు బ్రష్‌లనూ పక్కపక్కన పెట్టి చూడండి. హద్దు గీత ఉంటే అక్కడికి అరిగిందో లేదో తెలిసిపోతుంది. గీత లేకపోతే, మిగిలిన కార్బన్ పొడవు 5 లేదా 6 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడు మార్చడం క్షేమం. రెండూ దాదాపు సమానంగా అరిగి, కమ్యుటేటర్‌ను తాకే ముఖం నున్నగా, లోపలికి వంపుతిరిగి మెరుస్తుంటే మోటారు ఆరోగ్యంగా ఉన్నట్టే. ఒకటి బాగా అరిగి, రెండోది అలాగే ఉంటే, ఏదో ఒక గూటిలో బ్రష్ ఇరుక్కుందనో, స్ప్రింగు పట్టు తప్పిందనో అనుమానించాలి. ముఖం మీద కాలిన గుంటలున్నా, అంచులు విరిగి ఉన్నా తప్పు కమ్యుటేటర్ దగ్గర వెతకాలి.

విశాఖలో, ముఖ్యంగా బీచ్ రోడ్డుకు దగ్గరి ఇళ్లలో, దీనికి మరో కారణం ఉంది. ఉప్పు గాలి తగిలిన స్ప్రింగు తుప్పు పడుతుంది, ఇత్తడి గూడు లోపల పచ్చని చిలుము చేరుతుంది. బ్రష్ అరగకపోయినా ఆ చిలుములో బిగుసుకొని కమ్యుటేటర్ వరకు చేరదు. సంవత్సరానికి రెండు మూడు సార్లే వాడే డ్రిల్లు కూడా ఇలా ఆగిపోవచ్చు.

ఇప్పుడు టార్చి వెలుగులో కమ్యుటేటర్‌ను చూడండి. పెంకు విప్పని రకమైతే బ్రష్ కంత గుండానే చూస్తూ, బిట్టును పట్టుకొనే చక్‌ను చేత్తో తిప్పండి. చాక్లెట్ రంగులో, సమంగా పరచుకున్న పొర కనిపిస్తే దానిని ముట్టుకోకండి. అది మురికి కాదు, బ్రష్‌కూ రాగికీ మధ్య రాపిడిని తగ్గించే పూత. దానిని రాగి తళతళలాడేదాకా తోమేస్తే కొత్త బ్రష్‌లు త్వరగా అరుగుతాయి. నల్లని మసి మాత్రమే ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూలు గుడ్డతో తుడవండి. తేలికపాటి మచ్చలు, గరుకు ఉంటే 600 నంబరు గరుకు కాగితాన్ని సన్నని పట్టీగా కత్తిరించి, కమ్యుటేటర్‌కు చుట్టి, సమంగా తిప్పుతూ రుద్దండి. ఎమరీ గుడ్డ వాడవద్దు, దాని రేణువులు పలకల సందుల్లో ఇరుక్కుంటాయి. ఆ సందుల్లో చేరిన కార్బన్ పొడిని చీపురుపుల్లతో తీసేయండి, ఎందుకంటే ఆ పొడి గుండా కరెంటు ఒక పలక నుంచి మరో పలకకు దూకుతుంది. లోతైన గాడి పడినా, ఒక పలక పైకి లేచినా ఇంటి పని అక్కడితో ఆగాలి. ఆర్మేచర్‌ను లేత్ మీద పట్టించడమో, మార్చడమో చేయాలి.

కొత్తవి అమర్చడం

గూటిని పొడి గుడ్డతో తుడిచి, కొత్త బ్రష్‌ను అందులో జార్చి చూడండి. ఒత్తిడి లేకుండా తనంత తానే జారాలి, కాని పక్కలకు ఊగకూడదు. ముఖం వంపు ముందే చేసి ఉంటే అది కమ్యుటేటర్ వంపుతో కలిసేలా పెట్టాలి, అడ్డంగా కాదు. స్ప్రింగును నిటారుగా నొక్కి, మూతను మొదటి చుట్టు చేత్తోనే ఎక్కించి, తరువాత స్క్రూడ్రైవర్‌తో బిగుతు తగిలేదాకా తిప్పండి. ఇంకా బలం పెడితే ప్లాస్టిక్ మరలు తెగుతాయి. రెండో వైపు కూడా ఇలాగే చేసి, చక్‌ను చేత్తో తిప్పండి. ఎక్కడా పట్టేయకుండా సమంగా తిరగాలి.

లోపల చేరిన నల్లపొడిని నోటితో ఊదవద్దు. ముక్కుకు మాస్కు కట్టుకొని, పెయింటు బ్రష్‌తో బయటకు తుడవండి. ఆ పొడిలో కరెంటు పారుతుంది కాబట్టి దానిని పెంకు లోపల వదిలేయడం చేతికి షాకు తగిలే ప్రమాదాన్ని పెంచుతుంది.

తరువాత ప్లగ్గు పెట్టి, బిట్టు లేకుండా, ముఖానికి దూరంగా పట్టుకొని డ్రిల్లును నడపండి. కొత్త బ్రష్ ముఖం ఇంకా కమ్యుటేటర్ వంపుకు సర్దుకోలేదు గనుక మొదట మెరుపులు ఎక్కువగానే కనిపిస్తాయి. తక్కువ వేగంతో మొదలుపెట్టి, అయిదు నుంచి పది నిమిషాలు ఖాళీగా, మధ్యమధ్య ఆపుతూ నడిపితే ముఖం వంపుతిరిగి మెరుపులు తగ్గుతాయి. తగ్గకుండా పెరుగుతుంటే వెంటనే ఆపి, స్ప్రింగు సరిగ్గా కూర్చున్నదీ లేనిదీ చూడండి. అది సరిగ్గానే ఉంటే వైండింగ్ చేసేవారికి చూపించండి. తొలి రోజు కాంక్రీటు జోలికి పోకుండా చెక్కకో, మెత్తని ఇటుక గోడకో వాడడం మంచిది.

పాత జతలో తక్కువ అరిగినదానిని పారేయకండి. దానిని చిన్న ప్లాస్టిక్ సంచిలో చుట్టి డ్రిల్లు పెట్టెలో ఉంచితే, ఈసారి దుకాణానికి వెళ్లేటప్పుడు డ్రిల్లు విప్పకుండానే నమూనాగా చూపించవచ్చు. ఆ పెట్టెలోనే ఒక సిలికా జెల్ పొట్లం కూడా వేస్తే సముద్రపు తేమ స్ప్రింగుల దాకా అంత సులువుగా చేరదు.