మధ్యవర్తి పాఠాలు – 4: ఆ ఉత్తరం మళ్లీ రాద్దాం

పోయిన పాఠానికి మీరు పంపిన ఉత్తరాలు చదివాను. యూరప్ భద్రతా, సహకార సంస్థ (అప్పట్లో సీఎస్‌సీఈ, ఇప్పుడు ఓఎస్‌సీఈ) తరఫున జాతీయ మైనారిటీల మొదటి హైకమిషనర్‌గా పనిచేసిన మాక్స్ వాన్ డెర్ స్టూల్ స్థానంలో ఉండి, 1993లో ఎస్టోనియా విదేశాంగ మంత్రికి రాయమన్నాను. దాదాపు అందరూ, పౌరసత్వం దొరక్క ఇబ్బంది పడుతున్న అక్కడి రష్యన్ల తరఫున లాయరు నోటీసు పంపారు. ‘ఘోర అన్యాయం’, ‘తక్షణం రద్దు చేయాలి’ అంటూ. అందుకే ఈసారి మొదలుపెడదామనుకున్న భాషా హక్కుల పాఠం పక్కన పెడుతున్నాను.

ఆ హైకమిషనర్ పదవి ఎలా పుట్టింది, దాన్ని సృష్టించిన 1992 హెల్సింకి సమావేశంలో ఏం జరిగింది అనేవి మళ్లీ చెప్పను. ఒక్కటే గట్టిగా పట్టుకోండి: గొడవ ముదరకముందే ఆపడం ఆయన పని. మైనారిటీల తరఫు వకాల్తా ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. ఒక్కో మనిషి తెచ్చే ఫిర్యాదు విచారించే అధికారం కూడా లేదు.

“అలాంటప్పుడు మైనారిటీలకు ఒరిగిందేమిటి?” అని ఒక పాఠకురాలు కోపంగా అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు 1993 ఏప్రిల్‌లో ఆయన రాసిన అసలు ఉత్తరంలో ఉంది. పద్ధతి ప్రకారం రష్యన్ మాట్లాడేవాళ్లను వేధిస్తున్నారనడానికి నమ్మదగ్గ ఆధారం కనిపించలేదని అందులో ప్రభుత్వానికి చెప్పాడు. మాస్కో నుంచి రోజూ తిట్లు తింటున్న ఎస్టోనియా రాజధాని టాలిన్‌కు ఆ మాట ఎంత ఊరటో ఊహించండి. ఇక ఆయన అడిగినవి చూడండి. పౌరసత్వానికి పెట్టే భాషా పరీక్ష మామూలు సంభాషణ స్థాయి దాటకూడదు. అరవై దాటినవాళ్లకు, వికలాంగులకు ఆ పరీక్ష వద్దు. అక్కడే పుట్టి ఏ దేశపు పౌరసత్వమూ లేకుండా మిగిలే పిల్లలకు ఎస్టోనియా పౌరసత్వం ఇవ్వాలి. రష్యన్లను కూడా వదల్లేదు: కనీసం మామూలుగా మాట్లాడగలిగేంత ఎస్టోనియన్ పట్టుదలగా నేర్చుకోవాలన్నాడు. పిల్లల సంగతి 1998 డిసెంబరులో గానీ చట్టంలోకి ఎక్కలేదు. అయినా ఎక్కింది.

నాకు చిరాకు తెప్పించే పొరపాటు ఇక్కడే ఉంది. రెండు పక్షాలకూ చెరో నాలుగు మంచి మాటలు పంచితే నిష్పక్షపాతం అయిపోతుందని కొందరు అనుకున్నారు. అది గోడమీద పిల్లివాటం. రష్యా సరిహద్దులో, ఎక్కువమంది రష్యన్ మాట్లాడే ఎస్టోనియా పట్టణం నార్వా సంగతే చూడండి. పౌరసత్వం లేనివాళ్లు నివాస అనుమతి తీసుకోవాలంటూ 1993 జూన్‌లో వచ్చిన విదేశీయుల చట్టం చూసి, తమను వెళ్లగొడతారేమోనని రష్యన్ మాట్లాడేవాళ్లు హడలిపోయారు. అధ్యక్షుడు లెన్నర్ట్ మేరి సంతకం పెట్టకుండా యూరప్ సంస్థల అభిప్రాయం అడిగాడు. వాన్ డెర్ స్టూల్ లోపాలు చూపించాడు, పార్లమెంటు చట్టాన్ని సవరించింది. అయినా నార్వా, సిల్లమాయె పట్టణాలు స్వయంప్రతిపత్తిపై జులై 16, 17 తేదీల్లో ఓటింగ్ పెట్టుకున్నాయి. ఆయన అటూ ఇటూ తిరిగి రెండు నిర్దిష్టమైన హామీలు రాబట్టాడు. ఓటింగ్‌ను బలప్రయోగంతో ఆపబోమని ప్రభుత్వం చెప్పింది. అది చెల్లుతుందో లేదో తేల్చే కోర్టు తీర్పుకు కట్టుబడతామని స్థానిక నాయకులు చెప్పారు. ఆగస్టులో కోర్టు చెల్లదంది. నాయకులు ఆ మాట మీదే నిలబడ్డారు. ఒక్కో పక్షం నుంచి, అది చేయగలిగిన ఒక్కో పని. మీ ఉత్తరాల్లో నాకు కనపడనిది అదే.

నా పద్ధతి చెబుతాను. ముందు మైనారిటీ నాయకుల నుంచి ఏం అడుగుతానో రాసుకుంటాను, ప్రభుత్వానికి చెప్పేది ఆ తర్వాతే. విశేషణాలన్నీ కొట్టేస్తాను. వాన్ డెర్ స్టూల్ ఉత్తరాలు చాలావరకు ప్రభుత్వ జవాబుతో కలిపి తర్వాత బయటికి వచ్చేవి. అందుకని ప్రతి వాక్యాన్నీ రేపు అవతలివాళ్ల పేపర్లో పడితే ఎలా ఉంటుందని చదువుకుంటాను. ఆ పరీక్షకు నిలబడని వాక్యం తీసేయండి.

అభ్యాసం. మాసిడోనియాలో టెటొవో పట్టణం, 1995. అల్బేనియన్లు సొంత భాషలో విశ్వవిద్యాలయం తెరిచారు. ప్రభుత్వం అది చట్టవిరుద్ధమంది. పోలీసులతో జరిగిన ఘర్షణలో ఒకరు చనిపోయారు. ఒకే ఉత్తరం రాయండి, ఒక్క అక్షరం మార్చకుండా ప్రభుత్వానికీ అల్బేనియన్ నాయకులకూ పంపగలిగేలా ఉండాలి. ఇద్దరినీ చెరొకటి అడగాలి, అది ఆరు నెలల్లో జరిగే పని అయి ఉండాలి. పేజీ దాటకూడదు. వాన్ డెర్ స్టూల్ అక్కడ చివరికి ఏం సాధించాడో ఇప్పుడే వెతకకండి. మీ ఉత్తరాలు వచ్చాకే దాని గురించి మాట్లాడదాం.